రెండోసారి అడగని ఇల్లు

కొత్తపేటలో సుందరమ్మ టీచరు గారి వరండాలో కూర్చున్నవాళ్ళని కాఫీ ఒక్కసారే అడుగుతారు. కావాలంటే కావాలని చెప్పాలి. మాటవరసకి వద్దన్నారా, ఇక ఆ పూటకి అంతే. ఈ సంగతి తెలియక ఇన్సూరెన్సు ఏజెంటు సత్యదుర్గారావు ఓ ఎండాకాలం మధ్యాహ్నం వచ్చి కూర్చుని, అలవాటు ప్రకారం "అబ్బే, ఇప్పుడే తాగొచ్చేనండి" అన్నాడు. ఆవిడ "సరేనండి" అని లోపలికి వెళ్ళి, తన కాఫీ తాను తెచ్చుకుని, అతని ఎదురుగానే కూర్చుని నింపాదిగా తాగింది. అతను రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎండల గురించి మాట్లాడాడు, కొబ్బరికాయ ధర పడిపోవడం గురించి మాట్లాడాడు, మధ్యమధ్యలో వంటింటి వైపు చూశాడు. కాఫీ రాలేదు. బస్టాండు చేరేలోగా కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటూ పోయాడు, రిటైరయ్యాక టీచరు గారు బొత్తిగా పిసినారి అయిపోయారని.

అతన్ని తప్పు పట్టడానికి లేదు. కోనసీమలో పుట్టి పెరిగిన మనిషి మొదటిసారి అడగ్గానే కావాలన్నాడంటే పెంపకంలో ఏదో లోపం ఉన్నట్టే. ఇక్కడ మొదటి "వద్దు" పలకరింపు కిందికి వస్తుంది. రెండో "వద్దు" అడిగేవాళ్ళకి ఎంత మనసుందో చూడ్డానికి. మూడోసారికి చెయ్యి దానంతటదే గ్లాసు వైపు వెళ్తుంది. అడిగేవాళ్ళకీ ఇది తెలుసు, అడిగించుకునేవాళ్ళకీ తెలుసు. "చాలండి, చాలండి" అంటూ విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే ఆ వేళ్ళ సందుల్లోంచే కూర వడ్డించేసే ఊళ్ళు ఇవి. అలాంటి చోట ఒకావిడ పనిగట్టుకుని రెండోసారి అడగడం మానేసిందంటే ఊరికే మానెయ్యదు కదా.

సుందరమ్మ తండ్రి ఏసుదాసు చుట్టుపక్కల ఆసాముల చేలల్లో కూలికి వెళ్ళినవాడు. ఆదివారాలు చర్చిలో గంట కొట్టేవాడు. అతనికి అక్షరం ముక్క రాదు. కానీ కూతుర్ని మిషన్ బడిలో వేశాడు. సాయంత్రాలు ఆ పిల్ల ఇంగ్లీషు పాఠం పైకి చదువుతుంటే గోడకి చేరగిలబడి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఏమీ అర్థం కాకపోయినా మధ్యలో తడబడితే మాత్రం కళ్ళు తెరిచి "అక్కడ ఆగేవేం?" అని అడిగేవాడు. తండ్రి కళ్ళు తెరవకూడదన్న పట్టుదలతోనే ఆవిడ ఆ భాష నేర్చుకుంది. రాజమండ్రిలో టీచరు ట్రైనింగు అయ్యాక ఎయిడెడ్ హైస్కూల్లో చేరి, తల నెరిసేదాకా అక్కడే ఇంగ్లీషు చెప్పింది. ఈ మండలంలో ఏ ఆఫీసుకి వెళ్ళినా ఇప్పటికీ ఎవరో ఒకరు కుర్చీలోంచి లేచి నిలబడతారు. ఆవిడ కూర్చోమనేదాకా కూర్చోరు.

రిటైరయ్యాక వరండాలో ట్యూషను మొదలుపెట్టింది. కొన్నాళ్ళు చెప్పులు విడిచే చోటు లేనంతమంది వచ్చేవారు. తర్వాత బస్టాండు దగ్గర అద్దాల తలుపులతో, ఏసీతో స్పోకెన్ ఇంగ్లీషు సెంటరు వెలిసింది. ఆ వెనకే ఫోన్లోంచే ఇంగ్లీషు నేర్పే యాప్‌లు వచ్చాయి. పిల్లలు పల్చబడ్డారు. ఇంకొకరైతే కాలం పాడైపోయిందని అరుగు మీద కూర్చుని వాపోయేవారు. సుందరమ్మ మాత్రం ఓ కొత్త ఫోను కొనిపించుకుని, ఆ యాప్‌ల్లో ఒకదానితో కొన్నాళ్ళు అదేపనిగా మాట్లాడింది. కావాలని తప్పులు చేసి చూసింది. అడిగిందే అడిగి విసిగించి చూసింది. చివరికి భర్త శ్యామ్ బాబుతో, "దీనికి నాకంటే ఓపిక ఎక్కువండి. ఎన్నిసార్లు తప్పు చేసినా విసుక్కోదు. వ్యాకరణం దీని దగ్గరే నేర్చుకుని రమ్మందాం" అంది. అన్నట్టే చేసింది. ఇంటి దగ్గర ఫోనుతో, వరండాలో మనుషులతో మాట్లాడాలని పిల్లలకి నియమం పెట్టింది. పోటీకి వచ్చినదాన్ని పిలిచి పీట వేసే గుండె అందరికీ ఉండదు. ఆవిడకి ఉంది.

శ్యామ్ బాబు సంగతి కూడా ఓ మాట చెప్పుకోవాలి. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. కదిలిపోయిన బస్సు వెనక ఎవరైనా పరిగెత్తుకొస్తుంటే చూడలేక, డ్రైవరు తిట్టినా సరే బెల్లు కొట్టి ఆపించేవాడు. అంత మెతక మనిషికి ఇంత పట్టుదల గల భార్యని దేవుడు చూసి చూసి జతచేశాడు.

ఆ వరండాలో చదువుకున్నవాళ్ళలో శారోన్ ఒకతె. వాళ్ళది పక్కనే ఉన్న పలివెల. తండ్రి ఓడలరేవు వైపు గ్యాసు ప్లాంటులో సెక్యూరిటీ డ్యూటీ చేస్తాడు. తల్లి బిందు ఒకప్పుడు సుందరమ్మ దగ్గరే చదువుకుని, టెన్త్ దాటలేక ఆగిపోయింది. శారోన్ నర్సింగు చదివి అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. చేరిన కొన్నాళ్ళకే ఆమెని ఆపరేషన్ థియేటర్‌లోకి మార్చారు. డాక్టరు చెయ్యి చాపేసరికి ఆ చేతికి కావలసిన పనిముట్టు అందులో ఉంటుందని అక్కడ చెప్పుకుంటారు. శారోన్‌కి ఆ పనంటే ప్రాణం. ఐర్లండ్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి నర్సులు కావాలని తెలిసినప్పుడు కూడా ఆమె అడిగిన మొదటి ప్రశ్న, అక్కడ థియేటర్‌లో పని ఇస్తారా అని. రెండేళ్ళు వరండాలో కష్టపడి, అక్కడికి వెళ్ళేవాళ్ళు రాయాల్సిన ఇంగ్లీషు పరీక్ష మొదటిసారికే మంచి మార్కులతో గట్టెక్కింది. ఇక మిగిలింది ఇంటర్వ్యూ.

పలివెలలో సిగ్నలు నిలవదు కాబట్టి ఆ వీడియో ఇంటర్వ్యూ సుందరమ్మ ఇంట్లోనే పెట్టుకున్నారు. సుందరమ్మ తలుపు చాటున కూర్చుని విన్నది. అవతల ఉన్నది ఫియోనా అనే పెద్ద నర్సు, చాలా మర్యాదగా మాట్లాడింది. శారోన్ ఇంగ్లీషులో వంక పెట్టడానికి లేదు. థియేటర్ అనుభవం ఉందిగా, ఇక్కడా థియేటర్ పోస్టుకి నీ పేరు చూడమంటావా అని ఆవిడ అడిగింది. "ఫరవాలేదు మేడమ్, మీరు ఏది ఇచ్చినా చేస్తాను" అంది శారోన్. కష్టమైన కేసుల్లో నువ్వు సొంతంగా ఏం చేశావో చెప్పమంటే, అంతా డాక్టర్లే చూసుకున్నారు, తనదేమీ లేదంది. మమ్మల్ని ఏమైనా అడగాలనుకుంటున్నావా అంటే ఏమీ లేదంది. తలుపు చాటున సుందరమ్మ మురిసిపోయింది. ఎంత అణకువగా మాట్లాడింది పిల్ల, అనుకుంది.

వారం తిరక్కుండా రాజేంద్ర ఫోను చేశాడు. ఈ నర్సు పోస్టుల వ్యవహారం చూసే ఏజెంటు అతను. శారోన్‌ని తీసుకోలేదు. ఇంగ్లీషు చాలా బాగుంది కానీ, అమ్మాయికి ఈ ఉద్యోగం మీద ఆసక్తి ఉన్నట్టు లేదని, థియేటర్ పని అక్కర్లేదని తనే చెప్పిందని వాళ్ళు అన్నారట. "ఇష్టం లేనప్పుడు అప్లై చెయ్యడం దేనికండీ?" అని అతనూ కాస్త విసుక్కున్నాడు.

సుందరమ్మకి ఆ రోజంతా అన్నం సహించలేదు. శారోన్‌కి ఆసక్తి లేకపోవడమా! ఆసక్తి లేనిది నైట్ డ్యూటీ దిగి, బస్సులో నిలబడి వచ్చి, కళ్ళు మూతలు పడుతుంటే నీళ్ళు కొట్టుకుని మరీ ఈ వరండాలో కూర్చుందా? తప్పు ఎక్కడ జరిగిందో ఆవిడకి అంతు పట్టలేదు. పిల్ల తప్పితే అది తన తప్పేనన్నది ఆవిడ నమ్మకం. ఇన్నేళ్ళూ తను నేర్పింది ఏమిటన్న ప్రశ్న పట్టుకుని పీకసాగింది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక శారోన్‌ని ఓదార్చడానికి పలివెల వెళ్ళింది. బిందు భోజనానికి ఉండమంది. సుందరమ్మ "ఎందుకమ్మా శ్రమ, ఇంట్లో వండే వచ్చేను" అంది. నిజానికి వండలేదు. బిందు మళ్ళీ అడిగింది, మళ్ళీ అడిగింది, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. పనసపొట్టు కూర బ్రహ్మాండంగా ఉంది. ఇంకాస్త వెయ్యబోతే సుందరమ్మ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు, చాలు" అంది. బిందు గరిటె ఆ చేతి మీదుగా వంగింది.

సుందరమ్మ తన చేతి వంక చూసుకుంది. తనకి కూర కావాలి. చాలని నోరు అంటోంది, చెయ్యి అడ్డం ఉంది, వేళ్ళ మధ్య మాత్రం గరిటె పట్టేంత సందు ఉంది. ఆ సందు బిందుకి తెలుసు. ఐర్లండ్‌లో ఉన్న ఫియోనాకి ఎలా తెలుస్తుంది?

అక్కడితో ఆగలేదు. ముద్ద నోట్లో పెట్టుకోకుండానే ఆవిడకి మిస్ ఎడిత్ గుర్తొచ్చింది. రాజమండ్రి ట్రైనింగులో ఇంగ్లీషు చెప్పిన దొరసాని ఆవిడ. ఒక రోజు క్లాసయ్యాక సుందరాన్ని ఆపి, హైదరాబాదులో ఇంగ్లీషు టీచర్లకి ఏడాది కోర్సు ఉందనీ, ఒకరిని పంపే వీలుందనీ, వెళ్తావా అనీ అడిగింది. సుందరానికి గుండె గొంతులోకి వచ్చింది. "నేనెందుకు మిస్, నాకంటే బాగా చదివేవాళ్ళు ఉన్నారు కదా" అంది. అని, రెండోసారి అడుగుతారని ఎదురుచూసింది. మెట్ల దగ్గర కనబడితే నిలబడింది, ప్రార్థన అయ్యాక కావాలనే ఆలస్యంగా బయటికొచ్చింది. మిస్ ఎడిత్ నవ్వి పలకరించింది కానీ మళ్ళీ అడగలేదు. ఆ సీటు ఇంకో అమ్మాయికి వెళ్ళింది. కూలివాడి కూతురు కదా, మర్యాదకి ఓసారి అడిగి చేతులు దులుపుకుందని సుందరం అనుకుంది. నలభై ఏళ్ళ పైచిలుకు ఆ దొరసాని మీద మనసులో కోపం పెట్టుకుంది.

ఆవిడ చులకన చెయ్యలేదు. నా మాట నమ్మింది, అంతే, అనుకుంది సుందరమ్మ ఇప్పుడు.

బిందు ఇంట్లో కంచం ముందు కూర్చుని సుందరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కూరలో కారం ఎక్కువైందేమోనని బిందు కంగారు పడిపోయింది.

మర్నాటి నుంచి వరండాలో కొత్త పద్ధతి వచ్చింది. సుందరమ్మ ఇంటి గడపనే హద్దుగా పెట్టింది. గడపకి ఇవతల వరండా అంతా ఇంగ్లీషు దేశం. అక్కడ ఏదైనా ఒక్కసారే అడుగుతారు, చెప్పిన మాటే నిజమని నమ్ముతారు. గడప దాటి హాల్లోకి వస్తే కోనసీమ. అక్కడ ఎన్నిసార్లయినా అడుగుతారు, ఎన్నిసార్లయినా వద్దనొచ్చు. ఇది చెప్పేటప్పుడు ఆవిడ పిల్లలకి గట్టిగా ఒక మాట చెప్పింది. "మన మర్యాద తప్పు అనడం లేదర్రా. ఎదుటివాళ్ళ మనసు తెలుసుకుని మరీ అడిగే మర్యాద ఇంకెక్కడ దొరుకుతుంది? కాకపోతే అది వాళ్ళకి వినబడదు. వినబడనిచోట నోరు తెరిచి చెప్పాలి."

మొదటి రోజు ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు పళ్ళెంలో పెట్టి అందరి ముందుకీ తీసుకెళ్ళింది. పిల్లలంతా వరసగా "వద్దు టీచర్" అన్నారు. పళ్ళెం ఎక్కడా ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది. లోపల ఆవిడా, శ్యామ్ బాబూ తిన్నారు. రెండో రోజూ అంతే. మూడో రోజు శ్రీదుర్గ అనే పిల్ల, బ్యాంకు పరీక్షలకి తయారవుతున్న రైతు కుటుంబం అమ్మాయి, ఇక ఉండబట్టలేక "నాకు కావాలి టీచర్" అని అడిగేసి, అడిగినందుకు సిగ్గుతో మొహం చున్నీలో దాచేసుకుంది. ఆ తర్వాత అసలు కష్టం మొదలైంది. తనకి బాగా వచ్చిన పని ఒకటి అందరి ముందూ చెప్పాలి. "ఏదో, కొద్దిగా వచ్చు" అనకూడదు, "అంతా దేవుడి దయ" అనకూడదు. బాగా వచ్చు అనాలి. ఒకరికి నవ్వు వచ్చేది, ఒకరికి ఏడుపు వచ్చేది. పూతరేకు అడగడం నేర్చుకున్న శ్రీదుర్గకి కూడా ఆ మాట గొంతు దాటలేదు. శారోన్ అయితే తల వంచుకుని నేల మీద గీతలు గీస్తూ కూర్చునేది. పూతరేకుల పళ్ళెం కూడా ఆమె వరకూ వచ్చి అలాగే వెళ్ళిపోయేది.

ఊరు దీన్ని అంత తేలిగ్గా మింగలేదు. వరండాలో కూర్చుని వట్టి నోటితో వెళ్ళిపోయిన చుట్టాలు అలిగారు. సత్యదుర్గారావు ప్రచారం సరేసరి. శ్యామ్ బాబు ఈ అవమానం చూడలేకపోయాడు. కొన్నాళ్ళకి సుందరమ్మ ఒక సంగతి కనిపెట్టింది. వద్దని చెప్పి వెళ్ళినవాళ్ళు గేటు దగ్గర మూతి తుడుచుకుంటున్నారు. చూస్తే ఆయన పెరటి దారిన చుట్టుతిరిగి వెళ్ళి, కాఫీ గ్లాసుతో గేటు దగ్గర కాపు కాసి, "ఆవిడ అలాగే అంటారు లెండి, మీరు పుచ్చుకోండి" అంటున్నాడు. బస్సు వెనక పరిగెత్తేవాళ్ళ కోసం బెల్లు కొట్టిన చెయ్యి కదా, ఊరుకోలేదు. సుందరమ్మ నవ్వు ఆపుకుని, గేటు దగ్గర కోనసీమే కాబట్టి మీ ఇష్టమని వదిలేసింది. ఆ ఇంట్లో మర్యాద నిలబడిందంటే ఆయన చలవే.

అంతలో రాజేంద్ర మళ్ళీ ఫోను చేశాడు. ఎంపికైన వాళ్ళలో ఒకమ్మాయి మానేసిందట, ఆ ఆసుపత్రివాళ్ళు ఇంకోసారి చూస్తారట. ఇదే ఆఖరని, ఇది పోతే ఇంగ్లీషు పరీక్ష మార్కులు చెల్లే గడువు కూడా దాటిపోతుందని, మళ్ళీ మొదటి నుంచీ రావాలని చెప్పాడు. శారోన్ వినగానే తెల్లబోయింది. సుందరమ్మ మాత్రం, పాఠాలు ఎలాగూ అవుతున్నాయి, భయం దేనికంది. భయం ఆవిడకీ ఉంది. శారోన్ ఇంతవరకూ ఒక్క పూతరేకు కూడా అడగలేదు.

ఇంటర్వ్యూ రోజు మధ్యాహ్నం వరండాలో శారోన్, ఫోను. హాల్లో గడపకి అవతల సుందరమ్మ, బిందు, శ్యామ్ బాబు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పక్క తోటలో కొబ్బరికాయలు దింపుతున్నారు. ఒక్కో గెల నేల మీద పడినప్పుడల్లా శ్యామ్ బాబు ఉలిక్కిపడి ఆ మనుషుల్ని కాసేపు ఆపమనడానికి లేవబోవడం, సుందరమ్మ ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టడం.

ఈసారీ ఫియోనాయే. ఇంటర్వ్యూ బాగానే నడుస్తోంది. కష్టమైన కేసు గురించి అడిగితే శారోన్ ఈసారి నోరు విప్పింది. ఆపరేషన్ మధ్యలో కరెంటు పోయి, జనరేటరు అందుకునేలోగా టార్చి పట్టుకుని తను ఏమేం అందించిందో చెప్పింది. గొంతు వణికింది కానీ మాట ఆగలేదు. సుందరమ్మ తల ఊపింది. అయితే థియేటర్ పోస్టు మాట మాత్రం ఫియోనా ఎత్తడం లేదు. ఎత్తదు. వద్దని ఈ పిల్లే చెప్పింది కదా, వాళ్ళు ఆ మాట నమ్మారు. ఒక్కసారి అడిగితే కావాలనడం నేర్పాను, అసలు అడక్కపోతే అడగడం నేర్పలేదే, అనుకుని సుందరమ్మ లేచి ద్వారబంధం పట్టుకుంది. అవతల ఫియోనా, అయితే ఇక ఉంటాను, వార్డులో పోస్టు వస్తుందో లేదో రాజేంద్ర చెప్తాడు, అంటోంది.

శారోన్ ముందుకి జరిగింది. ఆమె కూర్చున్న కుర్చీ కిర్రుమంది. గడప దాటి వెళ్ళి ఆ ఫోను లాక్కుని తనే చెప్పెయ్యాలన్నంత ఆత్రం పుట్టింది సుందరమ్మకి. కాళ్ళు బిగపట్టుకుని నిలబడింది.

"ఒక్క మాట మేడమ్," అంది శారోన్ ఇంగ్లీషులో. "పోయినసారి మీరు అడిగినప్పుడు ఫరవాలేదన్నాను. అది నిజం కాదు. నాకు థియేటర్ పనే కావాలి. మూడేళ్ళుగా చేస్తున్నాను. నాకది బాగా వచ్చు."

ఇంగ్లీషు అంతగా అందని బిందు, ఏమందో చెప్పమని సుందరమ్మ మోచెయ్యి గిల్లింది. సుందరమ్మ చెప్పింది. బిందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అమ్మో, తన గురించి తనే అలా అనేసిందాండీ?" అంది.

"అనేసిందమ్మా," అంది సుందరమ్మ. ఇన్నేళ్ళ పాఠాల్లో ఇంత బాగా అప్పజెప్పిన పిల్ల ఇంకొకతె లేదనిపించింది.

అవతల ఫియోనా నవ్వింది. ముందే చెప్పి ఉండాల్సింది కదమ్మా అని, థియేటర్ ప్రశ్నలు వేయడం మొదలుపెట్టింది. అవి చాలాసేపు సాగాయి. శారోన్ గొంతు ఇక వణకలేదు. ఫోను పెట్టేశాక నేరుగా లేచి, వరండాలో స్టూలు మీద మూత పెట్టి ఉన్న పళ్ళెం దగ్గరికి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే ఒక పూతరేకు తీసుకుని తినేసింది. ఆకలితో ఉన్నానండి టీచరు గారూ, అని మాత్రం అంది.

ఉద్యోగం వచ్చింది, థియేటర్‌లోనే. వీసా పనులన్నీ అయ్యేసరికి వానాకాలం వెళ్ళి ఎండ మళ్ళీ చురుక్కుమంటోంది. బయల్దేరడానికి రెండ్రోజుల ముందు శారోన్ చెప్పి వెళ్దామని వచ్చింది. వరండాలోనే కూర్చుంది. శ్యామ్ బాబు పేపరు చదువుకుంటున్నాడు. కాఫీ ఇమ్మంటావా అని సుందరమ్మ ఒకసారి అడిగింది, శారోన్ ఇవ్వమంది, తాగింది. వచ్చిన అసలు సంగతి అప్పుడు చెప్పింది. ఆ ఆసుపత్రికి మన వైపు నుంచి ఇంకా అమ్మాయిలు వెళ్తున్నారు. పని వస్తుంది, ఇంగ్లీషు వస్తుంది, కానీ నోరు విప్పరు. వెళ్ళేముందు వాళ్ళకి వీడియోలో పాఠాలు చెప్పడానికి ఎవరైనా కావాలని ఫియోనా చూస్తోందట. నిన్నెవరు తయారుచేశారని అడిగితే శారోన్ ఈవిడ పేరు చెప్పింది. తెలుసుకుని చెప్పమన్నారు.

"చేస్తారాండీ టీచరు గారూ?" అని అడిగింది.

సుందరమ్మకి గుండె గొంతులోకి వచ్చింది. "నేనెందుకమ్మా," అంది. "ఈ వయసులో. బస్టాండు దగ్గర సెంటరులో చురుకైన కుర్రాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళని అడగమను."

శారోన్ ఆవిడ మొహంలోకి చూసింది. గడప వైపు చూసింది. ఇద్దరూ ఉన్నది వరండాలో. నేర్పిన పాఠం నేర్పినట్టే అప్పజెప్పింది.

"ఆయ్, అలాగే చెప్తానండి," అని లేచింది. వందనాలు చెప్పింది, దీవించమని తల వంచింది, మెట్లు దిగి గేటు వైపు నడిచింది.

శ్యామ్ బాబు పేపరు మడిచి పక్కన పడేసి, చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ లేచాడు. ఆయన ఎక్కడికి బయల్దేరాడో చెప్పక్కర్లేదు. గేటు దగ్గర ఆ పిల్లని ఆపి, ఆవిడ అలాగే అంటారు లెండి అని చెప్పడానికే.

సుందరమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపింది. "మీరు కూర్చోండి," అంది. "నేనే వెళ్తాను."

చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగింది. వాకిట్లో ఇసక కాలుతోంది. గేటు గడియ తీస్తున్న శారోన్ అడుగుల చప్పుడు విని వెనక్కి తిరిగింది.

"నేను చెప్పింది నమ్మకమ్మా, అబద్ధం," అంది సుందరమ్మ. "ఆ పని నాకు కావాలి. నాకది బాగా వచ్చు."